కోహిమా, అంగామీ నాగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాగాలాండ్ రాజధాని కోహిమాకు తొలిసారి వెళ్తున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఇక్కడ కొండకీ, అడవికీ, ఊటబావికీ ఎవరో ఒకరు యజమానులు ఉంటారు. ఆ యజమాని చాలాసార్లు ప్రభుత్వం కాదు, ఊరు. కింద చెప్పిన జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క కారణం వల్ల వచ్చినవే.

కోహిమా అసలు ఎవరి ఊరు?

అంగామీ నాగాలది. పట్నం మొత్తం సుమారు 1,444 మీటర్ల ఎత్తున ఒక కొండ వెన్ను మీద పరుచుకుని ఉంటుంది. దానికి ఈశాన్యంగా, పైన, కోహిమా గ్రామం ఉంది. స్థానికులు దాన్ని బడా బస్తీ అంటారు. ఊరి పాత పేరు కెవిరా. ఊళ్లో నాలుగు ఖేల్‌లు (వంశాల వారీ పేటలు) ఉన్నాయి: సూతువొనోమియా, లీసెమియా, దాప్‌ఫూత్సుమియా, ప్‌ఫూచాత్సుమియా. ఈ పేర్లు పలకడం కష్టం కాబట్టి అందరూ టీ ఖేల్, ఎల్ ఖేల్, డీ ఖేల్, పీ ఖేల్ అనేస్తారు. ఆటో అతనికీ అలా చెబితేనే తెలుస్తుంది. బ్రిటిషువాళ్లు 1870ల చివర్లో ఇక్కడ పాలనా కేంద్రం పెట్టాక గ్రామం పక్కన పట్నం పెరిగింది. 1963 డిసెంబరు 1న నాగాలాండ్ రాష్ట్రమైనప్పుడు ఇదే రాజధాని అయింది.

నాగాలంటే అందరూ ఒకటేనా?

కాదు. అంగామీ, ఆవో, సుమీ, లోథా, కొన్యాక్, చాఖెసాంగ్, రెంగ్మా, జెలియాంగ్... ఇలా ఎన్నో తెగలు. ఒక తెగ భాష పక్క తెగకు చాలాసార్లు అర్థం కాదు. పండగలు, శాలువాలు, ఊరి పాలన పద్ధతులు కూడా వేరు. కొన్యాక్‌లకు ఆంగ్ అనే వంశపారంపర్య పెద్ద ఉంటాడు. అంగామీలకు అలాంటి రాజరికం లేదు, ఖేల్ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారు. మణిపూర్, అస్సాం, అరుణాచల్‌లలో, సరిహద్దు దాటి మయన్మార్‌లో కూడా నాగాలున్నారు.

అక్కడ ఏ భాషలో మాట్లాడాలి?

ఇంగ్లిష్ రాష్ట్ర అధికార భాష. చదువుకున్నవాళ్లందరికీ వచ్చు. బజారులో, సుమోలో నాగామీస్ నడుస్తుంది. అస్సామీ పునాది మీద తెగలన్నీ కలిసి మాట్లాడుకోవడానికి పుట్టిన భాష అది. హిందీ వచ్చినవాళ్లు రెండు రోజుల్లో పట్టుకోగలరు. "ఎతు కిమాన్?" అంటే ఇది ఎంత. "మోయ్ మాంసో నా ఖాయ్" అంటే నేను మాంసం తినను. అంగామీల సొంత భాష తెన్యిదియె. అందులో "పెజియె" అని కృతజ్ఞత చెబితే ముసలివాళ్ల ముఖం వెలిగిపోతుంది.

ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరా? ఎలా తీసుకోవాలి?

ఇది రాష్ట్రంలోకి రావడానికి తీసుకోవాల్సిన అనుమతి పత్రం. నాగాలాండ్ బయటి భారతీయులందరికీ తప్పనిసరి. దీనికి మూలం 1873 నాటి బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్. గతంలో దిమాపూర్‌కు మినహాయింపు ఉండేది. 2019 డిసెంబరులో అక్కడికీ వర్తింపజేశారు. పాత బ్లాగులు చదివి "దిమాపూర్ వరకు అక్కర్లేదు" అనుకుని వెళ్తే స్టేషన్లోనో విమానాశ్రయంలోనో ఆపుతారు.

రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయడం తేలిక. పాస్‌పోర్టు సైజు ఫొటో, ఆధార్ లేదా ఓటరు కార్డు స్కాన్, బస చేసే చోటు పేరు, చిరునామా, తేదీలు నింపి రుసుము కట్టాలి. అనుమతి రాగానే డౌన్‌లోడ్ చేసుకుని రెండు ప్రింట్లు తీయండి, ఫోన్‌లో ఒకటి ఉంచండి. ఢిల్లీ, కోల్‌కతా, గువాహటిలలోని నాగాలాండ్ ప్రభుత్వ కార్యాలయాల్లో నేరుగా వెళ్లి కూడా తీసుకోవచ్చు.

తప్పులు సాధారణంగా మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, మన ఇంటిపేరు. ఆధార్‌లో "కె. వెంకటరమణ" అని ఉండి ఫారంలో ఇంటిపేరు పూర్తిగా రాస్తే పేర్లు కలవలేదని వెనక్కి వస్తుంది. కార్డులో ఎలా ఉంటే అలాగే రాయండి. రెండు, తేదీలు. కొండచరియలు విరిగిపడో, బంద్ వల్లో తిరుగు ప్రయాణం ఆగిపోవచ్చు, అందుకే రెండు రోజులు ఎక్కువే అడగండి. మూడు, వెళ్లే చోట్లు. మోన్, మొకోక్‌చుంగ్ కూడా చూడాలనుకుంటే ఆ జిల్లాలన్నీ ముందే పేర్కొనండి.

అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లకు?

ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా ఇన్నర్ లైన్ పర్మిట్ సరిపోదు. నాగాలాండ్, మణిపూర్, మిజోరంలకు వెళ్లే విదేశీ పౌరులకు ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ నిబంధనను కేంద్రం 2024 డిసెంబరులో తిరిగి తెచ్చింది. ఒకే కుటుంబంలో అమ్మానాన్నలకు ఒక కాగితం, పిల్లలకు ఇంకో కాగితం కావాల్సి రావచ్చు. టికెట్లు కొనకముందే ఆ పని మొదలుపెట్టండి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎలా వెళ్లాలి?

కోహిమాకు రైలు లేదు, విమానం లేదు. రెండింటికీ దిమాపూరే గతి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా లేదా గువాహటి మీదుగా దిమాపూర్ విమానం పట్టుకోవాలి.

రైలంటే ఇష్టమున్నవాళ్లకు కన్యాకుమారి–దిబ్రుగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది. నెల్లూరు, విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా వెళ్లి నేరుగా దిమాపూర్‌లో దింపుతుంది. విజయవాడ నుంచి దాదాపు రెండు రోజుల ప్రయాణం. ఆలస్యం మామూలే కాబట్టి దిగిన రోజే కోహిమా చేరాలని లెక్క వేసుకోవద్దు. సికింద్రాబాద్ నుంచి వెళ్లేవాళ్లు గువాహటి వరకు వచ్చి, అక్కడ దిమాపూర్ మీదుగా పోయే రైలు ఎక్కితే సరి.

దిమాపూర్ నుంచి కోహిమా రోడ్డు ఎలా ఉంటుంది?

74 కిలోమీటర్లు, 29వ నంబరు జాతీయ రహదారి. ఎండాకాలంలో రెండు, మూడు గంటలు చాలు. రైల్వే స్టేషన్ ముందు నుంచే షేర్ సుమోలు, టాక్సీలు బయల్దేరతాయి. రాష్ట్ర రవాణా సంస్థ బస్సులూ ఉన్నాయి. మనుషులు నిండితేనే బండి కదులుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక మనుషులు తగ్గుతారు, డ్రైవరు మిగతా సీట్ల డబ్బులూ అడుగుతాడు. కాబట్టి పొద్దున్నే బయల్దేరడం మేలు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ రోడ్డును నమ్మకండి. చుమౌకెడిమా దాటాక పగలా పహాడ్ దగ్గర కొండ మెత్తటి మట్టి, వదులు రాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాలును తొలిచారు, వాన పడితే రాళ్లు దొర్లుతాయి. 2023 జులైలో అక్కడే పెద్ద బండరాయి కార్ల మీద పడి మనుషులు చనిపోయారు. గట్టి వానలో ఆ మలుపుల్లో బండి ఆపి ఫొటోలు తీయకండి. తిరుగు విమానం ఉంటే ముందు రోజు రాత్రికే దిమాపూర్ దిగిపోండి.

ఇంఫాల్ నుంచి వచ్చేవాళ్లకు ఖుజామా దగ్గర తనిఖీ ఉంటుంది. మణిపూర్‌కు వేరే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. 2023 మే నుంచి అక్కడి పరిస్థితులు మారుతున్నాయి, ఆ దారి పెట్టుకునేముందు రోడ్డు సంగతి కనుక్కోండి.

ఎప్పుడు వెళ్తే మంచిది?

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపే. ఇళ్లలో హీటర్లు అరుదు, వంటింటి పొయ్యి చుట్టూ కూర్చోవడమే వెచ్చదనం. ఇంకో విషయం: గడియారం మన గడియారమే అయినా సూర్యుడు తూర్పున ముందే దిగిపోతాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, ఆ తర్వాత దుకాణాలు త్వరగా మూసేస్తారు. హైదరాబాద్ అలవాటుతో పదకొండుకి లేచి బయల్దేరితే రోజు సగం పోయినట్టే.

హార్న్‌బిల్ పండగ ఏటా డిసెంబరు 1 నుంచి 10 దాకా, కోహిమాకు 12 కిలోమీటర్ల దూరంలోని కిసామాలో జరుగుతుంది. 2000లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉత్సవం ఇది. ప్రతి తెగకూ ఒక మొరుంగ్ (యువకుల వసతిగృహం నమూనా) ఉంటుంది, అందులోనే ఆ తెగ వంటలు దొరుకుతాయి. గదులు నెలల ముందే నిండిపోతాయి. పట్నంలో దొరక్కపోతే కిగ్వేమా, ఫెసామా, జాఖమా ఊళ్లలో హోమ్‌స్టేలు చూడండి. నిజానికి అవే మేలు, ఎందుకంటే ఆ పది రోజులూ కోహిమా నుంచి కిసామా వెళ్లే రోడ్డు మీద బండ్లు బారులు తీరతాయి.

తెగలన్నిటినీ ఒకేచోట చూడాలంటే హార్న్‌బిల్. అంగామీల సొంత పండగ చూడాలంటే ఫిబ్రవరి 25న మొదలయ్యే సెక్రెన్యీ. ఇది శుద్ధి పండగ. ఊరి ఊటబావిని ముందు రోజే శుభ్రం చేసి, ఎవరూ నీళ్లు ముట్టకుండా కుర్రాళ్లు కాపలా ఉంటారు. తెల్లవారుజామునే మగవాళ్లు ఆ చన్నీళ్లతో స్నానం చేస్తారు. తర్వాతి రోజుల్లో యువతీయువకులు సంప్రదాయ దుస్తుల్లో వరసగా కూర్చుని గంటల తరబడి పాడే ఘట్టం ఉంటుంది, దాన్ని థెక్రా హియె అంటారు. ఇది టికెట్ ప్రదర్శన కాదు. ఊళ్లో తెలిసినవాళ్లో, హోమ్‌స్టే వాళ్లో తీసుకెళ్తేనే వెళ్లండి.

ఆదివారం అన్నీ మూసేస్తారా?

దాదాపు అన్నీ. అంగామీల్లో ఎక్కువమంది క్రైస్తవులు, అందులో బాప్టిస్టులు ఎక్కువ. ఆదివారం దుకాణాలు, సుమోలు, హోటళ్లు చాలావరకు ఉండవు. శనివారమే తినుబండారాలు, మందులు, పెట్రోలు చూసుకోండి. పొద్దున చర్చికి వెళ్తే ఆహ్వానిస్తారు, బృందగానం విని తీరాలి. అరదురా కొండ మీది కేథలిక్ కెథెడ్రల్ నాగా ఇంటి కప్పు ఆకారంలో కట్టింది, తప్పక చూడండి.

అక్కడి తిండి మనకు పడుతుందా? శాకాహారులు ఏం చేయాలి?

అన్నం తినేవాళ్లకు ఇబ్బంది లేదు, మూడు పూటలా అన్నమే. కూరల్లో నూనె, మసాలా, పోపు దాదాపు ఉండవు. ఉడికించడం, పొగబెట్టడం, పులియబెట్టడం, ఈ మూడింటి మీదే వంట నడుస్తుంది. పొయ్యి పైన వేలాడే వెదురు చట్రం మీద పంది మాంసం రోజుల తరబడి పొగలో ఎండుతుంది. దాన్ని పులిసిన వెదురు కొమ్ములతో కలిపి వండుతారు. అంగామీల ఇంట గాల్హో అడగండి: బియ్యం, ఆకుకూరలు, కొంచెం మాంసం కలిపి జారుగా ఉడికించిన జావ. ఒంట్లో బాగోలేనప్పుడు, చలి రాత్రి, దానికి మించినది లేదు.

అఖునీ సుమీల వంటకమైనా ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఉంటుంది. సోయా గింజల్ని మెత్తగా ఉడికించి, నీళ్లు వార్చి, ఆకుల్లో చుట్టి పొయ్యి దగ్గర మూడు రోజుల నుంచి వారం దాకా ఉంచుతారు. తీగ సాగుతూ ఘాటు వాసన వస్తే సిద్ధమైనట్టు. వాసనకు జడిసి ముక్కు మూసుకోకండి, వండినవాళ్ల ఎదుట అది అవమానం. రుచి వాసనంత తీవ్రంగా ఉండదు.

రాజా మిర్చీ గురించి గుంటూరు మిరప తినే మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇది వేరే జాతి. ఘాటు కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం వేలల్లో ఉంటే, ఇది పది లక్షల దగ్గర ఉంటుంది. పచ్చడిలో గోరంత చాలు. తుంచిన చేత్తో కళ్లు ముట్టకండి, నోరు మండితే నీళ్లకంటే పెరుగూ, అన్నమూ నయం.

శాకాహారులు "మాంసం వద్దు" అంటే చాలదు. ఉడికిన ఆకుకూరలో రుచికి ఎండుచేపో, పొగబెట్టిన మాంసం ముక్కో వేస్తారు, పచ్చడిలోనూ ఎండుచేప ఉంటుంది. "చేప, ఎండుచేప, మాంసం, కొవ్వు ఏదీ వద్దు" అని విడివిడిగా, వంటకు ముందే చెప్పండి. అన్నం, పప్పు, బంగాళాదుంప, స్క్వాష్, చెట్టు టమాటా పచ్చడి దొరుకుతాయి. ఒక ఆవకాయ సీసా వెంట ఉంటే నిశ్చింత, ఇంటివాళ్లకూ పెట్టండి, ఇష్టంగా తింటారు.

కుక్క మాంసం తింటారట కదా?

కొన్ని ఇళ్లలో తింటారు, చాలామంది తినరు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం అమ్మకాన్ని నిషేధించింది, 2023 జూన్‌లో గౌహతి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మీకు తెలియకుండా ఎవరూ వడ్డించరు. పరిచయమైన నిమిషానికే ఈ ప్రశ్న అడగడం మర్యాద కాదు. నాగాలు దేశమంతా ఈ ప్రశ్నతోనే విసిగిపోయి ఉన్నారు.

మద్యం?

1989 చట్టం ప్రకారం నాగాలాండ్‌లో సంపూర్ణ మద్య నిషేధం. బ్యాగులో సీసా తీసుకెళ్లకండి. బియ్యంతో ఇంట్లో కాచే జూథో అనే పులిసిన పానీయం ఊళ్లలో, హార్న్‌బిల్ మొరుంగ్‌లలో కనిపిస్తుంది.

ఖోనోమా ఎందుకంత ప్రసిద్ధి? ఏం చూడాలి?

కోహిమాకు పశ్చిమంగా సుమారు 20 కిలోమీటర్లు. బ్రిటిషువాళ్లను ఏళ్ల తరబడి ఎదిరించి 1879–80లో చివరి పోరాటం చేసిన అంగామీ గ్రామం. నాగా జాతీయోద్యమ నాయకుడు ఫిజో పుట్టిన ఊరు. 1998లో ఊరివాళ్లే తీర్మానించుకుని వేట మానేసి, తమ అడవిని ట్రాగోపాన్ పక్షి కోసం అభయారణ్యంగా మార్చుకున్నారు. తరతరాల వేటగాళ్లు తుపాకులు పక్కన పెట్టడం చిన్న విషయం కాదు.

వ్యవసాయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ ఒక పూట అదనంగా ఉండాలి. లోయలో మెట్ల వరిమళ్లు, పైవాలుల్లో పోడు. మన అల్లూరి జిల్లా కొండల్లో పోడు చూసినవాళ్లకు ఇక్కడి తేడా వెంటనే కనబడుతుంది: చెట్టును మొదలంటా నరకరు. పొలంలో ఆల్డర్ చెట్లు పెంచుతారు. చెట్టుకు ఆరు నుంచి పదేళ్లు వచ్చి బెరడు గరుకెక్కి పగుళ్లు వారాక, మనిషెత్తున కాండాన్ని కోస్తారు. కోసిన తలను మట్టితో మెత్తి, పైన ఒక బల్లపరుపు రాయి పెడతారు. ఎండకు ఎండి చీలిపోకుండా, చిగుళ్లు పక్కల నుంచి రావాలని. పదుల కొద్దీ చిగుళ్లు వస్తాయి, బలమైనవి నాలుగైదు ఉంచి మిగతావి తీసేస్తారు. కొమ్మలు వంటచెరకు, ఆకూ రెమ్మా కాల్చి బూడిద పొలానికి. ఈ చెట్టు వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. అందువల్ల రెండేళ్లు పంట తీసి, రెండు నుంచి నాలుగేళ్లు వదిలేస్తే నేల మళ్లీ సిద్ధం. మామూలు పోడుకు అంతకంటే చాలా ఎక్కువ విరామం కావాలి. జొన్నజాతి గింజలు, మొక్కజొన్న, బంగాళాదుంప, మిరప, చేమ కలిపి వేస్తారు. మొండెం మీద రాయి ఉన్న చెట్టు కనిపిస్తే ఆ రాయిని కదపకండి.

ఊళ్లోకి వెళ్లేముందు ప్రవేశ రుసుము కట్టి, ఊరివాళ్లనే గైడుగా పెట్టుకోండి. ఆ డబ్బు ఊరి ఖాతాకే వెళ్తుంది.

జూకో లోయకు ఎటు నుంచి ఎక్కాలి?

ఎత్తు సుమారు 2,450 మీటర్లు. రెండు దారులు. విశ్వేమా వైపు ఊరి నుంచి కొంతదూరం గుంతల రోడ్డు మీద బండి పోతుంది. తర్వాత ఒక గంట నిటారు మెట్లు, ఆపైన వెదురు పొదల మధ్య రెండు గంటలు చదునైన నడక. జాఖమా వైపు దూరం తక్కువే గాని మొదటి నుంచి చివరిదాకా ఎక్కుడే. విశ్వేమా నుంచి ఎక్కి జాఖమా వైపు దిగడం చాలామంది చేసే పని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం దిగేటప్పుడు కూడా విశ్వేమా దారే పట్టండి.

లోయ అంచున విశ్రాంతి గృహం ఉంది. దుప్పట్లు అద్దెకిస్తారు, అన్నం, పప్పు దొరుకుతాయి. ప్రవేశ రుసుము, బస డబ్బు నగదుగానే ఉంచుకోండి. లిల్లీలు జూన్, జులైలో పూస్తాయి, అప్పుడు వాన, జలగలు, దారంతా నీళ్లు. పట్టు ఉన్న బూట్లు, రెయిన్‌కోటు లేకుండా వెళ్లకండి. డిసెంబరు, జనవరిలో రాత్రి సున్నా కిందికి దిగి గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

లోయలో నిప్పు రాజేయకండి. చలికాలంలో మరుగుజ్జు వెదురు పూర్తిగా ఎండి ఉంటుంది. 2020 డిసెంబరు చివర్లో అంటుకున్న మంట రెండు వారాల పాటు కాలింది, వైమానిక దళ హెలికాప్టర్లు నీళ్లు చల్లాల్సి వచ్చింది.

యుద్ధ సమాధుల దగ్గర ఏముంది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944 ఏప్రిల్ 4 నుంచి జూన్ 22 దాకా జపాన్ సైన్యానికీ బ్రిటిష్ ఇండియా సైన్యానికీ జరిగిన యుద్ధం ఇక్కడిదే. గారిసన్ కొండ మీద 1,420 సమాధులున్నాయి. పైమెట్టున, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం ఉంది. చాలామంది కిందనే తిరిగి వెళ్లిపోతారు, అక్కడిదాకా ఎక్కి పేర్లు చదవండి. రెండు సేనలు టెన్నిస్ కోర్టు వెడల్పు దూరంలో తలపడ్డ చోట ఆ కోర్టు గీతలు ఇప్పటికీ కాపాడుతున్నారు. ఆ యుద్ధంలో కోహిమా గ్రామం నేలమట్టమైంది. మోతలు మోసి, దారి చూపి, క్షతగాత్రుల్ని దించిన నాగాల పేర్లు రాళ్ల మీద తక్కువే.

శాలువా కొనొచ్చా? వేసుకోవచ్చా?

కొనొచ్చు. నడుముకు కట్టుకునే మగ్గం మీద ఆడవాళ్లు సన్నటి పట్టీలుగా నేసి, మూడు కలిపి కుడతారు. అతుకు దగ్గర చారలు కచ్చితంగా కలిశాయో లేదో చూడండి, పనితనం అక్కడే తెలుస్తుంది. నల్ల నేల మీద ఎరుపు, ఆకుపచ్చ చారలున్నది లోహే, అంగామీలది. కొన్ని తెగల్లో కొన్ని శాలువాలు గౌరవం సంపాదించినవాళ్లే కప్పుకోవాలి. అమ్మేవాళ్లను "ఇది బయటివాళ్లు వేసుకోవచ్చా" అని అడగండి, నిజమే చెబుతారు. శాలువాను కోసి కుర్తా కుట్టించడం వాళ్లకు బాధ కలిగించే పని.

అక్కడ స్థలం కొనుక్కోవచ్చా?

కుదరదు. రాజ్యాంగంలోని 371ఎ అధికరణం నాగాల భూమి, వనరులు, ఆచార చట్టాలకు రక్షణ ఇస్తుంది. మన రెండు రాష్ట్రాల ఉద్యోగాల్లో స్థానికత తేల్చే 371డి దాని వెనకే ఉన్నది. బ్యాంకు, సైన్యం, కేంద్ర విద్యాసంస్థల ఉద్యోగాలకు వచ్చే తెలుగువాళ్లు ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. వేసవికి ముందు నెలల్లో కోహిమాలో నీటి కటకట తీవ్రం, కాబట్టి అద్దెకు చూసేటప్పుడు గదులకంటే ముందు నీళ్ల ట్యాంకు ఎంతదో అడగండి.

భద్రత ఎలా ఉంటుంది?

పట్నంలో దొంగతనాలు, వేధింపులు తక్కువ, ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకూ ఇబ్బంది అరుదు. కేంద్రానికీ నాగా సాయుధ సంస్థలకూ మధ్య 1997 నుంచి కాల్పుల విరమణ నడుస్తోంది, 2015 ఆగస్టు 3న ముసాయిదా ఒప్పందం కుదిరింది, తుది పరిష్కారం ఇంకా రాలేదు. దశాబ్దాల సైనిక చర్యల్లో మనుషుల్ని పోగొట్టుకోని ఊరు దొరకడం కష్టం. 2021 డిసెంబరులో మోన్ జిల్లాలో సైన్యం పొరపాటున కూలీలను కాల్చి చంపిన ఘటన ఇంకా పచ్చిగానే ఉంది. ఈ విషయాలు వాళ్లు ఎత్తితే వినండి, తీర్పులు చెప్పకండి. సైనిక శిబిరాల ఫొటోలు వద్దు. బంద్ ప్రకటిస్తే ఆ రోజు గది దగ్గరే ఉండండి.

మనుషుల ఫొటోలు?

అడిగి తీయండి. "తలలు వేటాడేవాళ్లా మీరు" అనే మాట ఎప్పుడూ అనకండి. హైదరాబాద్‌లో చదువుకునే, పనిచేసే నాగా పిల్లల్ని కూడా చైనావాళ్లా, నేపాలీలా అని అడగడం మానాలి. "మీది ఏ తెగ, ఏ ఊరు" అని అడిగితే సంతోషంగా చెబుతారు.

వెంట ఏం తీసుకెళ్లాలి?

పర్మిట్ ప్రింట్లు, గుర్తింపు కార్డు అసలుది, చిన్న నోట్లు, పొరలు పొరలుగా వేసుకునే ఉన్ని బట్టలు, టార్చి, రోజూ వాడే మందులు. నీళ్ల సీసా ఒకటి సొంతది. మలుపుల రోడ్డు పడనివాళ్లు దిమాపూర్‌లోనే వాంతుల మాత్ర వేసుకుని, సుమోలో ముందు సీటు అడగండి.